పదకొండు మాటలు ఎక్కువ

వ్యాసర్‌పాడిలో నా అంగడికి
బోర్డు మీద మూడు భాషలు,
లోపల నాలుగు కంప్యూటర్లు, అందులో ఒకటి పనిచెయ్యదు.
ఆధార్, రేషన్ కార్డు, ప్లస్ టూ మార్కులు,
చచ్చిపోయిన వాళ్ల సర్టిఫికెట్లకు అర్జీలు.
రోజూ నేను కొట్టే సాహిత్యం ఇదే.

మే నెలలో ఒక రాత్రి, షట్టరు సగం దించినాక
వంగి లోపలికొచ్చింది తేన్‌మొళి,
కాసిమేడులో ఐసు పగలగొట్టే చెల్లప్ప కూతురు.
"అన్నా, ప్రపంచం మొత్తానికీ పోటీ అంట,
పద్దెనిమిది లోపు వాళ్లకి.
ఏ భాషలో అయినా రాయొచ్చంట, ఐదువందల మాటలు.
రుసుం లేదు."
చివరి మాట రెండుసార్లు చెప్పింది.

గడువు ఆ రాత్రే. వాళ్ల ఊళ్లో పన్నెండు.
వాళ్ల పన్నెండు మనకు తెల్లారి ఐదున్నర.
ముక్కూ మొహం తెలియని వాళ్లు
ఐదున్నర గంటలు చేబదులిచ్చినట్టు
ఇద్దరం నవ్వుకున్నాం.

నోటుబుక్కు తెరిస్తే తమిళ అక్షరాలు.
చదవబోతే తెలుగు.
క, ఖ, గ, ఘ
నలుగురికీ ఒకటే చొక్కా.
పడికి పోతానంటే బడికి.
పిందె అంటే బిందె.
ఒకచోట నేనే ఆగిపోయినా:
"ఇది గాలి బిందెనా, కాలి బిందెనా, ఖాళీ బిందెనా?"
కాసేపు ఆలోచించి,
"లారీ రాని రోజు ఏదైనా ఒకటే కదన్నా" అనింది.
గాలి అనే కొట్టినా.
తప్పో ఒప్పో ఇప్పటికీ తెలీదు.

సూళ్లూరుపేటలో ఎనిమిది దాకా చదివిన తెలుగు నాది,
ఒత్తులతో మాటలు మానేసి ఇరవై ఏళ్లు.
తను చదువుతుంటే నేను కొట్టుకుంటూ పోయినా.
స్క్రీను మీద తన మాటల్ని తనే,
పెళ్లిలో ముస్తాబై ఎదురొచ్చిన చుట్టాన్ని చూసినట్టు
అనుమానంగా చూసింది.
"ఇందులో మా అవ్వ పేరెక్కడుంది?"
చూపించినా. ముట్టుకునింది.
అవ్వ మీద వేలిముద్ర పడింది.

రెండున్నరకి లెక్కపెడితే ఐదువందల పదకొండు.
అక్కడో 'చాలా', ఇక్కడో 'మరి' ఏరేద్దామన్నా.
ఒప్పుకోలేదు, అవి పోతే ఊపిరాడదంట.
వెనక్కి పోయింది, ముందుకొచ్చింది,
చివరికి ఒక వాక్యం మీద వేలు పెట్టి
"ఇది తీసెయ్యన్నా."
"బాగుంది కదా?"
"బాగుంది. మా అమ్మకి తెలిస్తే సిగ్గుపడతాది."

ఫారంలో మాతృభాష అని ఒక గడి.
పేర్లు కిందికీ కిందికీ జారి
తెలుగు దగ్గర ఆగినాయి.
"మేం మాట్లాడేది తెలుగేనా అన్నా?
అది భాషే కాదు, కలగాపులగం అనింది మా టీచరు."
ఏం చెప్పాల్నో తెలీలేదు.
నా వేలే ముందు నొక్కేసింది.

నాలుగూ యాభైకి సందు చివర లారీ హారను.
కుర్చీ వెనక్కి తోసి పరిగెత్తింది, పంపకుండానే.
బటను నా ముందే ఉంది.
నొక్కొచ్చు. నొక్కలేదు.
బయట బిందెలు ఒకదాన్నొకటి తిట్టుకుంటుంటే
గోడ గడియారం చూస్తా కూర్చున్నా.
ఐదూ ఇరవైకి వచ్చింది, మోచేతుల దాకా తడి.
పావడాకి చెయ్యి తుడుచుకొని
తనే నొక్కింది.
ఏదో గుండ్రంగా తిరిగింది, తిరిగింది, ఆగింది.
అందిందని ఇంగ్లీషులో ఒక్క ముక్క.
"డియర్ అని అందరికీ రాస్తారా అన్నా?"
"అందరికీ."
"అయినా సరే" అనింది.

నలభై రూపాయలు బల్ల మీద పెట్టింది.
వద్దంటే,
"రుసుం లేనిది వాళ్లకి, మీకు కాదు" అనింది.
చిల్లర తడితడిగా ఉండింది.

ఫలితాలు సెప్టెంబరులోనంట.
అందాకా నా మూడో కంప్యూటర్లో
పేరు పెట్టని ఫైలొకటి పడి ఉంది.
ప్రింటుకని ఎవరన్నా వచ్చి కూర్చుంటే
ముందు దాన్ని మూస్తా.
పదకొండు మాటలే.
ఒక బిందె ఉంది అందులో, నిద్రపోయే చెయ్యొకటి ఉంది.
అంతకు మించి చెప్పను,
ఆమె సిగ్గుపడతాది.